రీసెట్ బటన్ మీద గంధం

మొన్న మా ఇంట్లో పాత ఇంటర్నెట్ కనెక్షన్ తీయించేసి కొత్తది పెట్టించుకున్నాం. వచ్చిన మనిషి గోడకు నున్నటి తెల్ల డబ్బా ఒకటి బిగించి, ఫోన్‌లో యాప్ దించుకోమని చెప్పి వెళ్లబోతుంటే, నేను అలవాటు కొద్దీ ఆ డబ్బాను వెనకా ముందూ తడిమి, దీనికి బటన్లు ఎక్కడున్నాయని అడిగాను. అతను నావైపు జాలిగా చూసి, "బటన్లు లేవు ఆంటీ, అంత యాప్‌లనే ఉంటది" అన్నాడు. మన వయసు వాళ్లం ఇలాంటి జాలి చూపులకు ఎప్పుడో అలవాటు పడిపోయాం గానీ, అతను మెట్లు దిగిపోయాక చాలాసేపు ఆ డబ్బాను చూస్తూ కూర్చున్నాను. ఒకప్పుడు ఇలాంటి డబ్బా మీదున్న మూడు బటన్లను నమ్ముకునే మా ఇల్లు గడిచిందంటే అతను నమ్మడు. మీరు నమ్ముతారనే ధైర్యంతో ఇది రాస్తున్నాను.

అప్పటికి నాకు నలభై దాటాయి. నేనూ మా ఆయనా సోమాజిగూడలో ఒకే ప్రెస్సులో పనిచేసేవాళ్లం, ఆయన ప్రింటింగ్ మిషన్ మీద, నేను డీటీపీలో. ఇద్దరం ఒకే టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఎర్రగడ్డలో బస్సెక్కి వెళ్లి, సాయంత్రం రైతుబజారులో కూరగాయలు కొనుక్కుని ఇంటికి చేరేవాళ్లం. ఆ ప్రెస్సు మూతపడింది. మొగుడూ పెళ్లాలకు ఒకేచోట ఉద్యోగం ఉండడం ఎంత సుఖమో, ఆ ఉద్యోగాలు రెండూ ఒకేరోజు పోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసొచ్చింది. ఆయనకు మిషన్ పని తప్ప ఇంకో పని రాదు, ఆ పనికేమో ఊళ్లో రోజులు అయిపోతున్నాయి. నాకు మాత్రం పెళ్లికి ముందు చదివిన ఎలక్ట్రానిక్స్ డిగ్రీ ఒకటి ఇనప్పెట్టె అడుగున పడి ఉంది. మా ఆడపడుచు పోరు పెట్టగా పెట్టగా దాన్ని దులుపుకుని అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను.

ఆనాటి అమీర్‌పేట గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. మెట్రో స్తంభాలు ఇంకా లేవలేదు. మైత్రీవనం దగ్గర బస్సు దిగితే చాలు, వద్దన్నా చేతిలో కరపత్రాలు కుక్కేవాళ్లు, పైన బోర్డులకు బోర్డులు అడ్డం పడి ఆకాశం కనిపించేది కాదు, జిరాక్సు షాపుల్లో నోట్సులు వేడివేడిగా అమ్ముడుపోయేవి. పిల్లలంతా జావాకీ టెస్టింగుకీ ఎగబడుతుంటే నేను ఎవరూ లేని క్లాసు చూసుకుని, చిన్న చిన్న యంత్రాల్లో లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ నడపడం నేర్పే కోర్సులో చేరాను. అక్కడ పాఠం చెప్పే సారు కూడా నాకంటే చిన్నవాడే. అందరూ ఆంటీ అంటుంటే మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత ఆ పిలుపు పుణ్యమా అని ముందు బెంచీలో చోటు నాకే వదిలేస్తున్నారని గమనించి ఊరుకున్నాను.

ఆ సారే నన్ను తన స్నేహితుడి కంపెనీకి పంపించాడు. పంజాగుట్టలో ఒక సందులో, మూడో అంతస్తులో, రెండు గదుల ఆఫీసది. మా బాసుగారు గోదావరి వైపు మనిషి, ప్యూన్‌ని కూడా అండీ అనకుండా పిలిచేవారు కారు. బయటి దేశాల నుంచి వచ్చే వైఫై రౌటర్లలో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి, కొత్త లైనక్స్ కెర్నెల్ ఎక్కించి, ఇక్కడి ఇంటర్నెట్ కంపెనీలకు అందివ్వడం మా పని. నా పక్క టేబుల్ దగ్గర బోరబండ నుంచి వచ్చే ఇంజనీరు ఒకతను ఉండేవాడు. వైఫై పని అతనిది, బటన్ల పని నాది. మొదటి రోజే అక్కా అన్నాడు, ఇప్పటికీ నాకు తమ్ముడే. బాసుగారి అమ్మగారు పక్క వీధిలోనే ఉండేవారు, కొడుక్కి క్యారియర్ తెచ్చే వంకతో రోజూ వచ్చి మా అందరి మంచీ చెడ్డా కనుక్కుని పోయేవారు. ఆవిణ్ణి మేమంతా అమ్మగారు అనే పిలిచేవాళ్లం.

ఉద్యోగం ఇచ్చేటప్పుడే బాసుగారు ఉన్నమాట చెప్పారు. సోమాజిగూడలోని ఒక ఇంటర్నెట్ కంపెనీ ఆర్డరు మీద ఆయన ఆశ పెట్టుకున్నారు. దసరా తర్వాత వాళ్లు వచ్చి చూస్తారు, అప్పటికి రౌటర్ బటన్లు సరిగ్గా పనిచేస్తే ఆర్డరు వస్తుంది, నా ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే ఇంకో జీతం ఇచ్చే తాహతు తనకు లేదన్నారు. ఆ మాట ఎంతో మెత్తగానే చెప్పారు. ఇంట్లో మా ఆయన అప్పటికే పేపరు చదవడం అయ్యాక మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు, చూసి భరించడం నావల్ల కాలేదు.

ఈ కెర్నెల్ ఏమిటని అడుగుతారేమో. లోపలి చిప్పుకీ పైన నడిచే ప్రోగ్రాములకీ మధ్య ఉండి, ఎవరి మాట ఎవరికి చేరాలో చూసుకునే అసలు సాఫ్ట్‌వేరే అది. కొత్త కెర్నెల్ ఎక్కించాక ఆ రౌటర్లో లైట్లు వెలిగాయి, వైఫై వచ్చింది, బటన్లు మాత్రం పనిచేయడం మానేశాయి. నొక్కితే టిక్కుమంటాయి అంతే, లోపల పట్టించుకునే నాథుడు లేడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కాలింగ్ బెల్ కొట్టినట్టన్నమాట. పక్కన రెండు బటన్లు, ఒకటి వైఫై ఆపడానికీ పెట్టడానికీ, ఇంకొకటి పాస్‌వర్డ్ కొట్టకుండా ఫోను కలపడానికి. ముందువైపు ఒక గుండ్రటి గుంటలో మూడోది, రీసెట్ బటన్. దాన్ని కాసేపు అలాగే నొక్కి పట్టుకుంటే రౌటర్ తన పేరూ పాస్‌వర్డూ సర్వం మరిచిపోయి కొత్తగా పెట్టెలోంచి తీసినట్టు తయారవుతుంది.

ఏ బటన్ చిప్పులో ఏ కాలికి, అంటే ఏ పిన్నుకు, కలిసిందో చెప్పే కాగితం ఒక్కటీ మా దగ్గర లేదు. కరెంటు కొలిచే మల్టీమీటర్ పట్టుకుని ఒక్కొక్క కాలే వెతుక్కున్నాను. తీరా దొరికాక చూస్తే అంతా తిరకాసే, నొక్కనప్పుడు కరెంటు చూపిస్తుంది, నొక్కితే పోతుంది. పైగా మనం ఒకసారి నొక్కితే లోపలి రేకు సన్నగా అదిరి, కెర్నెల్‌కు చాలాసార్లు నొక్కినట్టు వినిపిస్తుంది, అందులో ఏది నిజమో ఏది అదురో అది తేల్చుకోవాలి. ఆ చిప్పు తనంతట తాను కబురు చెప్పే రకం కూడా కాదు, కెర్నెలే అస్తమానం తొంగి చూస్తుండాలి. తల ప్రాణం తోకకొచ్చింది. కానీ దసరా ముందు ఒక మధ్యాహ్నం నేను బటన్ నొక్కగానే, ఫలానా బటన్ నొక్కారు అని తెర మీద ఒక్క వరుస వచ్చిందండీ, కళ్లలో నీళ్లు తిరిగాయి. తమ్ముడు లేచొచ్చి చూసి, "మస్తు చేసినవ్ అక్కా, ఇగ ఫికర్ లేదు" అని కింద నుంచి అందరికీ చాయ్ తెప్పించాడు.

ఆ ఆఫీసులో ఆయుధ పూజ ఘనంగా చేసేవారు. కంప్యూటర్లు తుడిచి, వాటికి గంధం రాసి కుంకుమ బొట్లు పెట్టి, కింద స్కూటర్ల చక్రాలకు నిమ్మకాయలు పెట్టి, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టేవారు. మాది క్రైస్తవ కుటుంబం, బొట్టు పెట్టుకోం, ప్రసాదం తినం. ప్రెస్సులో ఉన్నప్పుడు ఆ రోజు సెలవు పెట్టేసేదాన్ని. ఇక్కడ పని మిగిలి ఉండటంతో వచ్చి, పూజ జరుగుతున్నంతసేపూ పక్కగదిలో కూర్చున్నాను. పూజ అయ్యాక అమ్మగారే నన్ను వెతుక్కుంటూ వచ్చి చేతిలో చిన్న స్టీలు డబ్బా పెట్టారు. "పులిహోర నీకు దేవుడికి పెట్టకముందే తీసి పక్కనుంచానమ్మా, నిక్షేపంలా తిను" అన్నారు. ఆవిడకు మా పద్ధతులు ఎవరు చెప్పారో నాకు తెలియదు. అంత మర్యాదగా అంతవరకూ నన్ను ఎవరూ చూడలేదు.

తిని నా టేబుల్ దగ్గరికి వెళ్తే, రౌటర్ ముందువైపు గంధమూ దాని మీద కుంకుమా కనిపించాయి. అందరి టేబుళ్లూ కళకళలాడుతుంటే నాదొక్కటీ బోసిగా ఉందని ఆవిడ మనసు ఒప్పలేదట, పాపం ఈ పిల్ల ఉద్యోగం దీని మీదే ఉంది కదా అని, బొటనవేలితో గట్టిగా అద్ది మరీ పెట్టారట, తమ్ముడు చెప్పాడు. నొక్కి పెట్టడానికి ఆ డబ్బా మీద గుండ్రంగా అనువుగా ఉన్న చోటు అదొక్కటే మరి. నాకు బొట్టు పెట్టలేదు, నా పనికి పెట్టారు, అందులో నొచ్చుకోవడానికి ఏముంది. తుడవబుద్ధి కాలేదు. అలాగే ఉంచి ఇంటికి వెళ్లిపోయాను.

సెలవులయ్యాక ఇంటర్నెట్ కంపెనీ మేనేజరు వచ్చాడు. బాసుగారు రౌటర్‌కు వాళ్ల కంపెనీ పేరు పెట్టి, వైఫై చూపించి, కరెంటు తీసి మళ్లీ పెట్టారు. పెట్టిన పేరు పోయి ఫ్యాక్టరీలో పుట్టినప్పటి పేరు వచ్చింది. మళ్లీ పేరు పెట్టారు, అది తనంతట తానే ఆరిపోయి, వెలిగి, మళ్లీ అంతా మరిచిపోయింది. మేము చూస్తుండగానే మరోసారి, ఇంకోసారి, ఎవరూ ముట్టుకోకుండానే రీసెట్ అవుతూ కూర్చుంది. పక్క బటన్లు పనిచేస్తున్నాయో లేదో చూసే ఓపిక ఆ మేనేజరుకు లేకపోయింది. ఆయన వెళ్లిపోయాక బాసుగారు కోప్పడి ఉంటే బాగుండేది. నా టేబుల్ దగ్గరికొచ్చి, "సోమవారం ఇంకోసారి వస్తారటండి. అప్పటికీ కాకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదండి" అన్నారు. ఆయన ముఖం కూడా పాలిపోయి ఉంది.

అప్పటి నుంచీ నా ప్రోగ్రామును నేనే అనుమానించుకోవడం మొదలుపెట్టాను. తొంగి చూడటంలో పొరపాటు పడ్డానా, తిరకాసును ఎక్కడైనా తిరగేశానా అని ప్రతి వరుసా చదివాను, చదివిన కొద్దీ సరిగ్గా ఉన్నట్టే ఉంది, పని మాత్రం తప్పుగానే జరుగుతోంది. నలభై దాటాక ఈ చదువులేమిటి, హాయిగా ఏ కిరాణా కొట్టులోనో లెక్కలు రాసుకోక, అని నన్ను నేను తిట్టుకున్నాను. శనివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. నేను తినబుద్ధి కాక ఊరికే ఆ రీసెట్ బటన్ మీద వేలు పెట్టి నొక్కాను. టిక్కుమనలేదు. మళ్లీ నొక్కాను, లోపలికి పోయిన బటన్ లోపలే ఉంది. చీరకున్న పిన్నీసు తీసి దాని చుట్టూ మెల్లగా గీస్తే పసుపుపచ్చటి పొడి రాలింది. వేలికి అంటించుకుని వాసన చూశాను. గంధం.

తడిగంధం గుంటలోకి దిగి, సెలవుల్లో గట్టిపడి, బటన్‌ను నొక్కిన చోటే పట్టుకుని ఉంచేసింది. రౌటర్ వెలిగిన ప్రతిసారీ కెర్నెల్ చూడటం, బటన్ నొక్కే ఉందని పైకి కబురు పంపడం, పైన ప్రోగ్రాము అంతా తుడిచేయడం. నా ప్రోగ్రాములో తప్పు లేదని తెలిసి ఎగిరి గంతేయాల్సిన దాన్ని, కుర్చీలో కూలబడ్డాను. ఈ సంగతి నేను ఎలా చెప్పను, ఏ నోటితో చెప్పను. మీ పూజ వల్ల నా పని చెడిందని, అందులోనూ నేను, చెబితే అది ఎన్ని రకాలుగా వినిపిస్తుందో మీకు తెలియంది కాదు. సాకులు చెబుతోందనుకోవచ్చు, మతం బుద్ధి బయటపెట్టిందనుకోవచ్చు. వాటన్నిటికంటే, నా కోసం పులిహోర విడిగా తీసిపెట్టిన మనిషి, తన చేతి బొట్టే నా ఉద్యోగానికి ఎసరు పెట్టిందని తెలిస్తే ఏమైపోతుందోనని భయమేసింది.

ఇంటికెళ్లి మా ఆయనతో చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "సాఫ్ చేసి పెట్టేయ్, గంతే. గీ ముచ్చట ఎవ్వరికి చెప్పకు. నువ్వొకటి చెప్తే వాళ్లు ఇంకొకటి అనుకుంటరు" అన్నారు. అందులో న్యాయం ఉంది, శుభ్రం చేసేస్తే సోమవారం గండం గట్టెక్కుతుంది. కానీ ఆదివారం చర్చిలో కూర్చున్నా నా మనసు ప్రార్థన మీద నిలవలేదు. ఈ డబ్బాలు రేపు ఇళ్లకు వెళ్తాయి. ఏ ఇంట్లో మాత్రం దసరాకు వాటికి బొట్టు పెట్టరు? టీవీకి పెడతారు, ఫ్రిజ్జుకు పెడతారు, వైఫై డబ్బాను వదిలేస్తారా? ప్రేమగా పెట్టిన ప్రతి ఇంట్లోనూ అది మతిపోయి కూర్చుంటుంది. మనుషులను మార్చలేం గనక కెర్నెల్‌కే ఆ బుద్ధి చెప్పాలని అక్కడే తేల్చుకున్నాను.

సోమవారం అందరికంటే ముందు వెళ్లి, గుంటలోని గంధం గీకి తీసేసి, ఆ ముక్క ప్రోగ్రాములో రాశాను. రాయాల్సింది పెద్దగా ఏమీ లేదు. రౌటర్ కళ్లు తెరిచేసరికే బటన్ నొక్కి ఉంటే దాన్ని మనిషి నొక్కినట్టు లెక్కలోకి తీసుకోకూడదు, ఒకసారి వదలడం చూశాకే ఆ తర్వాతి నొక్కుడును నమ్మాలి. తమ్ముడు చూసి, "కొందరు బటన్ ఒత్తిపట్టుకునే కరెంటు ఇస్తరు గద అక్కా, వాళ్ల సంగతేంది?" అని మంచి మాటే అడిగాడు. వదిలి మళ్లీ నొక్కుతారు, ఏం కొంపలు మునగవు అన్నాను. అసలు చిక్కు బాసుగారితో వచ్చింది. కారణం చెప్పకుండా కెర్నెల్లో ఒక్క వరుస కూడా చేర్చనివ్వడం ఆయన పద్ధతి కాదు. ఎందుకండీ ఇది అని అడిగారు. గుంటలో ఏదైనా పడి బటన్ బిగుసుకుపోతే పనికొస్తుందని నేలచూపులు చూస్తూ చెప్పాను. ఆయన రౌటర్ చేతిలోకి తీసుకుని, గుంట అంచున ఇంకా మిగిలిన పసుపురంగును కాసేపు చూశారు. ఒక అగ్గిపుల్ల విరిచి గుంటలో దోపి, బటన్ లోపలే ఉండేలా బిగించి, అలాగే మేనేజరు ముందుకు పట్టుకెళ్లారు. కరెంటు తీశారు, పెట్టారు, తీశారు, పెట్టారు. పెట్టిన పేరు పెట్టినట్టే ఉంది. అగ్గిపుల్ల తీసి వదిలి మళ్లీ నొక్కి పట్టుకుంటే అప్పుడు రీసెట్ అయింది. ఆర్డరు వచ్చింది. ఆ నెలాఖరుకు నా ఉద్యోగం ఖాయమైంది, మా ఆయనకు స్వీట్లంటే ప్రాణం కాబట్టి ఆ సాయంత్రం ఎర్రగడ్డలో దిగగానే జిలేబీ కొన్నాను.

గంధం మాట నేను ఎవరితోనూ అనలేదు. బాసుగారూ అడగలేదు. ఆ ఏడాదంతా అమ్మగారు ఆఫీసుకు రావడం బాగా తగ్గించారు, క్యారియర్ మనిషి చేత పంపేవారు. మోకాళ్ల నొప్పులేమోనని మేమనుకున్నాం. మళ్లీ దసరా వచ్చింది. ఈసారి నేను పక్కగదిలోకి వెళ్లబోతుంటే అమ్మగారు వెండి గిన్నె పట్టుకుని, అందరినీ దాటుకుని, నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. గంధంలో ముంచిన వేలు గాల్లోనే ఆగింది. "నా బొట్టు నీ పొట్ట మీదికి తెచ్చిందటగా తల్లీ. మా వాడు ఆ రోజే చెప్పాడు. నీ మొహం చూడలేకపోయాను" అన్నారు మెల్లగా. ఆవిణ్ణి కాపాడుతున్నానని నేననుకుంటున్న ఆ సంవత్సరమంతా ఆవిడ ఆ బరువు మోస్తూనే ఉన్నారు. తర్వాత, "ఈసారి నువ్వే చూపించమ్మా, ఎక్కడ పెట్టమంటావు? అసలు వద్దంటే మానేస్తాను, నువ్వేమీ మొహమాటపడకు" అన్నారు. నేను రౌటర్‌ను మా ఇద్దరి మధ్యకు జరిపి, పైన ఏ గుంటా లేని చోట వేలు పెట్టి చూపించాను. అమ్మగారు అక్కడ, చాలా తేలిగ్గా, అద్దీ అద్దనట్టు పెట్టారు.

తర్వాత కొన్నేళ్లకు రౌటర్లు సాఫ్ట్‌వేర్‌తో సహా తయారై రావడం మొదలయ్యాక ఆ ఆఫీసు మూసేశారు. అంతకు ముందే అమ్మగారు పోయారు. నేను గచ్చిబౌలి వైపు పెద్ద ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ దసరాకు పూలూ తోరణాలూ అలంకరించడానికి బయటి నుంచి మనుషులు వచ్చేవారు, ఎవరి నమ్మకాలనూ నొప్పించకూడదని ముందురోజే అందరికీ మెయిల్ వచ్చేది, ఎవరి టేబుల్ జోలికీ ఎవరూ వెళ్లేవారు కాదు. అది తప్పని నేననను. ఎవరి బటనూ బిగుసుకుపోలేదు, ఎవరి ఉద్యోగం మీదికీ రాలేదు. కానీ ఎక్కడ పెట్టమంటావని ఒక మనిషి ఇంకో మనిషిని అడగాలంటే, ముందు పొరపాటు చేసేంత దగ్గరగానైనా రావాలి కదా. ఆ ఆఫీసుల్లో పనిచేసినన్ని సంవత్సరాల్లో గంధం గిన్నెతో గానీ, ఉత్త చేతులతో గానీ, నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడి నన్ను అలా అడిగినవాళ్లు ఎవరూ లేరు.